కుర్చీలో కూర్చునే పని

మొన్న రాయచోటిలో మా ఆఫీసు మెట్లు ఎక్కుతుంటే వెనక నుంచి ఒక ఊపిరి వినిపించింది. మామూలు ఆయాసం కాదది. లోపలికి పోయిన గాలి సగంలోనే ఆగి, మిగతా సగం కోసం మళ్ళీ తంటాలు పడి, చివర్లో సన్నగా ఈల వేసే ఊపిరి. తిరిగి చూశాను. అరవై దాటిన పెద్దమనిషి, చేతిలో కరెంటు బిల్లు. నాలుగు మెట్లు ఎక్కి ఆగాడు. నేను చూస్తున్నానని గమనించి, గోడకు అంటించిన పాత నోటీసు చదువుతున్నట్టు తల అటు తిప్పుకున్నాడు. ఆ నోటీసులో అక్షరాలు ఎండకు ఎప్పుడో వెలిసిపోయాయి, అందులో చదవడానికేమీ లేదు. అలుపును దాచుకోవడానికి లేని పని కల్పించుకునే ఆ అలవాటు నాకు బాగా తెలుసు. గంగన్న అలాగే చేసేవాడు. సబ్‌స్టేషన్ గేటు నుంచి గది దాకా నలభై అడుగులు నడవడానికి రెండుసార్లు ఆగి, ఒకసారి చెప్పు సరిచేసుకునేవాడు, ఇంకోసారి ఆకాశంలో మబ్బు ఉందేమోనని చూసేవాడు. మా వైపు మే నెలలో మబ్బు కోసం చూసే మనిషిని ఎవరూ అనుమానించరు.

గంగన్న మా సబ్‌స్టేషన్ ఆపరేటరు. ఆయన్ను ఎరగనివాళ్ళకు ముందు ఆయన పనేమిటో చెప్పాలి. రాయచోటికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో, శనక్కాయ చేలకూ మామిడితోటలకూ మధ్య కంకర పరిచిన కొంత స్థలం, అందులో రెండు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు, పక్కన ఒక గది. గదిలో ఇనుప బీరువాల్లాంటి ప్యానెళ్ళు వరసగా నిలబడి ఉంటాయి. వాటికి ఎదురుగా ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక ఫోను, ఒక పెద్ద పుస్తకం. చుట్టుపక్కల ఊళ్ళకు పోయే కరెంటు లైన్లన్నీ ఆ గదిలో నుంచే వదలాలి, ఆ గదిలో నుంచే ఆపాలి. నేను లైన్‌మన్‌ను. స్తంభం ఎక్కాలంటే ముందు గంగన్నకు ఫోన్ చేసి ఆ లైను ఆపించుకోవాలి. దీన్ని మేము ఎల్‌సీ తీసుకోవడం అంటాం. ఆయన లైను ఆపి, నా పేరూ టైమూ పుస్తకంలో రాసుకుని నాకొక నంబరు ఇస్తాడు. పని అయ్యాక నేను దిగి, మళ్ళీ ఫోన్ చేసి, ఆ నంబరు చెప్పి ఎల్‌సీ తిరిగి ఇచ్చేయాలి. అప్పుడే ఆయన కరెంటు వదలాలి. ఈ రెండు ఫోన్ల మధ్యలో నా ప్రాణం నా దగ్గర ఉండదు, ఆ కుర్చీలో కూర్చున్న మనిషి తలలో ఉంటుంది. బయటివాళ్ళ కంటికి మాత్రం అది ఫ్యాను కింద కూర్చుని చేసే హాయైన ఉద్యోగం.

నేను చేరిన మొదటి వారంలోనే ఆయన నన్ను స్తంభం మీద నుంచి దింపాడు. బెల్టు కట్టుకుని సగం ఎక్కేశాను, కింద నుంచి హెల్పర్ ఫోన్‌లో ఎల్‌సీ అడుగుతున్నాడు. “ఎక్కేటోనికి నోరు ల్యాదా? కిందికి దిగి మాట్లాడమను,” అని అటు నుంచి కేక. మండుటెండలో దిగాను, మాట్లాడాను, మళ్ళీ ఎక్కాను. సాయంత్రం ఆయనతో నాలుగు మాటలు తేల్చుకుందామనే సబ్‌స్టేషన్‌కు పోయాను. ఆయన టీ గ్లాసు నా చేతికిచ్చి, “కూర్చో. మీ నాయన పేరేంది?” అన్నాడు. చెప్పాను. “రేపట్నుంచి ఎల్‌సీ అడిగేటప్పుడు నీ పేరు, మీ నాయన పేరు, రెండూ చెప్పాల. తిరిగిచ్చేటప్పుడూ అంతే. నీ గొంతు నా చెవిలో పడాల. ఇంగొకడు ఫోన్ చేసి, ఓబులేసు దిగినాడన్నా అంటే నేను నమ్మను. దేవుడొచ్చి చెప్పినా లైను వదలను.” మా నాయన పేరెందుకన్నా మధ్యలో అని అడిగాను. “పెంచి పెద్దచేసినోడు కదప్పా. పోలెక్కే ముందు ఆయన పేరు ఒకసారి నోట్లోకొస్తే జాగర్తగా ఉంటావు,” అన్నాడు. తిట్టడానికి పోయినవాణ్ణి టీ తాగి తిరిగొచ్చాను.

ఆ పేర్ల వ్యవహారం మా అందరికీ తలనొప్పిగా ఉండేది. బడిలో హాజరు పిలుస్తున్నాడని నవ్వుకునేవాళ్ళం. ఒక్కో స్తంభం దగ్గర ముగ్గురం ఉంటే ముగ్గురమూ ఫోన్‌లో పేరూ తండ్రి పేరూ చెప్పాలి, దిగాక మళ్ళీ ముగ్గురమూ చెప్పాలి. ఈలోపు చేలల్లో మోటార్లు ఆగిపోయిన రైతులు గేటు దగ్గరికొచ్చి గంగన్నను అమ్మనా బూతులు తిట్టేవాళ్ళు. ఆయన కిటికీ దగ్గర నిలబడి, “తిట్టు సామీ, నోరారా తిట్టు. తిట్లకు షాక్ కొట్టదు,” అనేవాడు. ఆయన జ్ఞాపకం అలాంటిలాంటిది కాదు. ఏ లైనులో ఎన్నో స్తంభానికి చింతకొమ్మ తగులుతుందో, ఏ మలుపులో తీగ వదులైందో పుస్తకం చూడకుండా చెప్పేవాడు. మూడు ఫోన్లు ఒక్కసారి మోగినా ఎవరి లైను ఆపాడో, ఎవరిది వదిలాడో తడుముకునేవాడు కాదు. అయినా ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం ఆయన్ను నమ్మవద్దనే. “నేను ఎల్‌సీ ఇచ్చినా అని తీగ మీద చెయ్యి పెట్టొద్దు. ముందు ఎర్తు గొలుసు తగిలించు. నేనూ మనిషినే. నాకూ తలకాయ ఒకటే ఉండాది,” అన్నాడు. ఎర్తు గొలుసంటే తీగకు తగిలించి రెండో కొసను భూమిలోకి దించే ఇనుప గొలుసు. పొరపాటున కరెంటు వదిలినా అది మనిషిలోకి రాకుండా గొలుసు గుండా భూమిలోకి పోతుంది, సబ్‌స్టేషన్‌లో బ్రేకరు పడిపోయి లైను దానంతటదే ఆగిపోతుంది. పదిహేనేళ్ళపాటు ఆ గొలుసును బరువని తిట్టుకుంటూనే మోశాను.

ఒక ఎండాకాలం ఉదయం డ్యూటీలో ఉండగా ఆయనకు గుండెలో పట్టేసింది. గ్యాసు అనుకుని సోడా తెప్పించుకున్నాడు. చెమటలు కారిపోతుంటే ఎవరో ఆటో పిలిచారు. అప్పటికి రెండు లైన్ల మీద మనుషులున్నారు. ఆయన ఆటో ఎక్కలేదు. తర్వాతి షిఫ్టు మనిషి వచ్చేదాకా గోడకు ఆనుకుని కూర్చుని, అతను వచ్చాక పుస్తకంలో ఆ రెండు పేర్లూ వేలితో చూపించి, చదివించి, సంతకం పెట్టించి, అప్పుడు లేచాడు. కడప పెద్దాసుపత్రికి చేరేసరికి ఆలస్యమైంది. ప్రాణం దక్కింది, గుండె పాడైంది. నేను చూడ్డానికి పోతే ఆయన భార్య లక్ష్మీదేవమ్మ వరండాలో కూర్చుని, “సగం గుండె కూడా కొట్టుకోవడం ల్యాదంట ఓబులేసూ. మిగిలిందాంతోనే ఈడ్చుకు రావల్లంట,” అంది. ఆమె చదువుకోలేదు. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన కాగితాలన్నీ కొంగులో చుట్టుకుని, ఎవరు కనిపించినా చదివి చెప్పమని అడిగేది.

మూడు నెలల తర్వాత డ్యూటీలో చేరాడు. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టేవి కావు. రోజుకు ఇన్ని నీళ్ళే తాగాలని డాక్టర్లు కొలిచి చెప్పారు. మా ఊరి ఎండల్లో ఆయన ఒక చిన్న సీసా పక్కన పెట్టుకుని మధ్యాహ్నం దాకా దాని వైపే చూస్తూ ఉండేవాడు. ఇంకేదైనా తేలిక పని ఇప్పించమని ఆఫీసులో అడిగాడు. “నీది కుర్చీలో కూర్చునే పనే కదయ్యా, ఇంతకంటే తేలిక పని ఎక్కడుంది?” అని ఆఫీసరు అన్నాడట. ఆ మాట గంగన్నే నాకు చెప్పి నవ్వాడు. నేనూ నవ్వాను. నిజం చెప్పాలంటే ఆ ఆఫీసరు చెప్పింది నాకు కూడా సబబుగానే తోచింది. గుండె జబ్బంటే బరువులెత్తకూడదు, మెట్లెక్కకూడదు, ఉప్పు తినకూడదు. మాకు తెలిసింది అంతవరకే. కూర్చున్న మనిషికి అలుపెందుకొస్తుంది?

తర్వాత ఒక మార్పు వచ్చింది, దాన్ని మేము పండగలా చేసుకున్నాం. గంగన్న పేర్లడగడం మానేశాడు. మొదట తండ్రి పేరు పోయింది, తర్వాత పక్కవాళ్ళ పేర్లు పోయాయి. నంబరు చెబితే సరే అని పెట్టేసేవాడు. నా తోటి లైన్‌మన్ మస్తాన్, “ముసలాయన దోవలోకొచ్చినాడప్పా, బతికినాం,” అన్నాడు. నాకూ హాయిగానే అనిపించింది. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం ఆలస్యమైంది. చెప్పిందే మళ్ళీ చెప్పమనేవాడు. పుస్తకంలో సగం పేరు రాసి, కలం అలాగే పట్టుకుని కిటికీలోకి చూస్తూ కూర్చునేవాడు. గోడ గడియారం ఎదురుగా ఉండగా టైమెంతని అడిగేవాడు. రాస్తున్నప్పుడు ఎవరైనా పలకరిస్తే చేతిలో పనిని పూర్తిగా పోగొట్టుకునేవాడు. మేము దానికి బద్ధకమని పేరు పెట్టాం. అన్నేళ్ళు ఆయన దగ్గర పని నేర్చుకున్నవాణ్ణి, కనీసం నాకైనా అనుమానం రావాల్సింది. రాలేదు.

ఒకసారి మాత్రం ఆయనే చెప్పాడు. మధ్యాహ్నం, గదిలో ఇద్దరమే ఉన్నాం. “ఓబులేసూ, అలుపంటే కాళ్ళకొస్తాదనుకున్యా. తలకాయకు గూడా వస్తాదప్పా. ఒక మాట యాదికి తెచ్చుకోవాలంటే మిద్దెక్కినట్లుండాది. ఎక్కేలోపల ఎందుకెక్కతాండానో మర్చిపోతాండా,” అన్నాడు. డాక్టరుకు చెప్పావా అన్నాను. “గుండె డాక్టరుకు తలకాయ సంగతి ఏం చెప్పేది? చెప్తే ఈ పని గూడా వద్దంటాడు.” మళ్ళీ, “ఈ మాట యాడా అనొద్దు,” అన్నాడు. నేను పెద్ద తెలిసినవాడిలాగా, మందుల వేడన్నా, రోజూ రెండు చెంబులు మజ్జిగ తాగు, అదే తగ్గుతుంది అని సలహా ఇచ్చాను. నీళ్ళు కొలుచుకుని తాగే మనిషికి ఆ సలహా ఇచ్చినందుకు ఇప్పటికీ నాకు నన్ను చూస్తే అసహ్యం వేస్తుంది. ఆయన మాత్రం సరేనప్పా అన్నాడు.

ఆ రోజు ఒకే లైను మీద రెండు చోట్ల పని పడింది. ఊరికి ఉత్తరాన మస్తాన్, దక్షిణాన నేను. ఇద్దరమూ ఎవరి ఎల్‌సీ వాళ్ళు తీసుకున్నాం. పుస్తకంలో ఇద్దరి పేర్లూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి, తర్వాత నేనే చూశాను. నేను గొలుసు తగిలించి, తీగ పక్కన ఇన్సులేటరు బిగిస్తున్నాను. పదకొండు దాటింది. ఉన్నట్టుండి నా మోచేతి దగ్గర నీలం మంట లేచింది, తుపాకి పేలినంత చప్పుడైంది. గొలుసు తీగ మీద నుంచి ఎగిరిపడి ఊగుతోంది. నా చొక్కా చెయ్యి కాలుతోంది. బెల్టు ఉంది కాబట్టి తలకిందులుగా వేలాడానే గాని కింద పడలేదు. ఎవరో లైను వదిలారు, గొలుసు వల్ల బ్రేకరు పడిపోయింది, అంతవరకు అర్థమైంది. ఇంకొకటి కూడా అర్థమైంది. బ్రేకరు పడితే ఆపరేటరు కాసేపాగి మరోసారి వదిలి చూస్తాడు. అది మామూలు పద్ధతి. ఇప్పుడు తీగ మీద గొలుసు లేదు.

కాలని చేత్తో జేబులో ఫోన్ తీసి గంగన్నకు చేశాను. ఎత్తాడు. “అన్నా, ఓబులేసును. పోలు మీదుండా. వదలొద్దు.” ఆ ఊపిరి ఒక్కటే వినిపించింది. తర్వాత, “నువ్వు దిగినావు కదప్పా?” అన్నాడు. లేదన్నా అన్నాను. “నాతో మాట్లాడితివే ఇప్పుడే? దిగినా అంటివే?” మాట్లాడింది మస్తాన్. తన పని అయిపోయి తన ఎల్‌సీ తిరిగి ఇచ్చాడు. గంగన్న తలలో ఇద్దరం ఒక్కరమైపోయాం. ఆయన గొంతులో అబద్ధం లేదు. నేను దిగానని ఆయన నిజంగా నమ్మాడు. నాకు భయం వేసింది ఆ మంటకు కాదు, ఆ నమ్మకానికి.

మూడో రోజు ఆయన మా ఇంటికి వచ్చాడు. రెండు మెట్లెక్కి అరుగు మీద కూర్చుని, కట్టు కట్టిన నా చేతి వైపు చాలాసేపు చూశాడు. నా భార్య లోపల నుంచి మంచినీళ్ళు కూడా తేలేదు. “ఆ దినం జరిగిందంతా నీ దగ్గర రేపు రాయించుకుంటారంట,” అన్నాడు. అవునన్నాను. “తప్పు చేసినా అని రాయప్పా. మర్చిపోయినా అని రాయి. చంపబోయినా అని రాసినా సరే. నిర్లక్ష్యమని మాత్రం రాయొద్దు. ముప్పై ఏండ్లు ఆ కుర్చీలో కూర్చున్యా. లెక్కల్యాకుండా ఎప్పుడూ చెయ్యల్యా. ఆ ఒక్క మాట వద్దు.” నేను కట్టు ముడి సర్దుకుంటూ కూర్చున్నాను. ఆయన లేచి, వీధిలో రెండుసార్లు ఆగి, చెప్పు సరిచేసుకుని వెళ్ళిపోయాడు.

మరుసటి రోజు మా ఇంజనీరు, ఏఈ, నా ముందు కాగితం పెట్టాడు. మంచివాడే, వయసు చిన్నది, నా మీద జాలితోనే మాట్లాడాడు. అనారోగ్యం వల్ల అని రాస్తానన్నాను. “రాయి. అప్పుడు మెడికల్ బోర్డుకు పంపాలి, నెలలు పడుతుంది. అన్ని నెలలూ ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారు? ఆయనే. మళ్ళీ ఎక్కుతావా ఓబులేసు, ఆయన ఎల్‌సీ మీద? మస్తాన్‌ను ఎక్కనిస్తావా? నిర్లక్ష్యమని రాస్తే సాయంత్రానికి సస్పెండ్ చేయొచ్చు,” అన్నాడు. ఆయన్ను ఆ కుర్చీలో నుంచి లేపడానికి ఆఫీసులో ఆ ఒక్క మాటే పనికొస్తుంది. మస్తాన్‌కు ముగ్గురు పిల్లలు. ఇవన్నీ ఆలోచించే రాశానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అందులో నిజముంది. కానీ నా చెయ్యి మండుతోంది, రాత్రంతా ఏడ్చిన నా భార్య మొహం కళ్ళ ముందుంది, నాకు ఆయన మీద చెప్పలేనంత కోపంగా ఉంది. “ఆపరేటరు నిర్లక్ష్యం వలన” అని ఎడమచేత్తో రాశాను. వంకర టింకరగా వచ్చిన ఆ అక్షరాల కింద సంతకం పెట్టాను. సాయంత్రానికి సస్పెండ్ చేశారు. సస్పెన్షన్ కాగితంతో పాటు నా వాంగ్మూలం నకలు కూడా ఆయనకు పంపారు. అది ఆఫీసు పద్ధతి.

ఆయన నన్ను ఏమీ అనలేదు. పది రోజుల తర్వాత సాయంత్రం ఫోన్ చేశాడు. “దిగినావా?” అన్నాడు. నాకు మొదట అర్థం కాలేదు. ఇంకా డ్యూటీలో చేరలేదన్నా, చెయ్యి మానలేదు అన్నాను. పెట్టేశాడు. నేను మళ్ళీ డ్యూటీలో చేరినప్పటి నుంచి రోజూ అదే సమయానికి అదే ఫోన్. “దిగినావా?” “దిగినానన్నా.” అంతకుమించి మాట లేదు. కొన్ని రోజులు పది నిమిషాలకే మళ్ళీ చేసేవాడు, అడిగానన్న సంగతి మర్చిపోయి. మూడోసారి చేసినప్పుడు నాకు విసుగొచ్చేది, అయినా బదులు చెప్పేవాణ్ణి.

ఒకరోజు లక్ష్మీదేవమ్మ పిలిపించి, కడపకు తోడు పొమ్మంది. బస్సులో పక్కపక్కనే కూర్చుని పోయాం. ఆసుపత్రిలో ఒక వయసు డాక్టరమ్మ ఆయన్ను పరీక్ష చేసి, ఎలా ఉందని అడిగింది. ఆయాసం, కాళ్ళ వాపు అని చెప్పాడు. నేనే ఉండబట్టలేక జరిగిందంతా చెప్పాను. ఆమె కలం పక్కన పెట్టి విన్నది. “గుండె సరిగా కొట్టుకోకపోతే తలకు కూడా రక్తం తక్కువే అందుతుంది పెద్దాయనా. నిద్ర సరిగా ఉండదు, దిగులు పట్టుకుంటుంది. అందరికీ ఇలా కాదు గానీ కొందరికి తల కూడా అలసిపోతుంది. రెండు పనులు ఒక్కసారి పట్టుకోలేరు, విన్నది నిలబడదు. ఇన్నాళ్ళూ చెప్పలేదెందుకు? మందులు మార్చి చూసేవాళ్ళం, ఇలాంటి డ్యూటీ చేయొద్దని రాసిచ్చేవాళ్ళం.” గంగన్న అంతా విని, ఒక్క ప్రశ్న వేశాడు. “అయితే అది నిర్లక్ష్యం కాదామ్మా?” ఆమె ఆశ్చర్యపోయింది. “నిర్లక్ష్యమేంటి? జబ్బు.” “ఆ మాట తెలుగులో రాసిస్తావామ్మా?” ఆమె నవ్వి, చీటీ వెనక రెండు వరసలు రాసిచ్చింది. నేను గోడ వైపు చూస్తూ నిలబడ్డాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆ చీటీ తీసి చదువుకున్నాడు, మడిచి జేబులో పెట్టుకున్నాడు. గువ్వలచెరువు ఘాటు ఎక్కుతుంటే, “ఏం రాసిందప్పా ఆ యమ్మ?” అని అడిగాడు. చెప్పాను. ఘాటు దాటేలోపల ఇంకా రెండుసార్లు అడిగాడు. మూడుసార్లూ నేనే చదివి వినిపించాను.

ఆ తర్వాత వచ్చిన మే నెలలో ఒక మధ్యాహ్నం వేళగాని వేళ ఆయన ఫోన్ వచ్చింది. రెండుసార్లు బదులిచ్చాను. మూడోసారి, నాలుగోసారి మోగితే ఎత్తకుండా ఫోన్‌ను బండి డిక్కీలో పడేశాను. నాకు వేరే పనుంది, ఎండ మండిపోతోంది, ఇంతే కారణం. గంట తర్వాత తీసి చూస్తే మస్తాన్ ఫోన్లు వరసగా ఉన్నాయి. తిరిగి చేస్తే, ఉన్నపళంగా సబ్‌స్టేషన్‌కు రమ్మన్నాడు. పోయేసరికి గేటు దగ్గర ఇరవై మంది రైతులు అరుస్తున్నారు. లోపల గంగన్న ప్యానెల్‌కు వీపు ఆనించి, రెండు చేతులూ వెనక్కి పెట్టి హ్యాండిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. కొత్త ఆపరేటరు బతిమాలుతున్నాడు. గాలికి బ్రేకరు పడి లైను ఆగిందట, మళ్ళీ వదలబోతే ఈయన వచ్చి అడ్డం నిలబడ్డాడట. ఊరి నుంచి కిలోమీటరున్నర ఆ ఎండలో నడిచి వచ్చాడు. పెదాలు నల్లబడి ఉన్నాయి. “మనిషుండాడు, పోలు మీద మనిషుండాడు. ఓబులేసు ఫోనెత్తడం ల్యాదు. దిగల్యా,” అంటున్నాడు, అదే మాట, ఊపిరి అందినప్పుడల్లా. ఎవరో పిచ్చి ముదిరిందన్నారు.

నేను ఎదురుగా పోయి నిలబడ్డాను. “అన్నా, దిగినా. ఇదిగో, నేల మీదుండా.” ఆయన నన్ను చూశాడు గానీ పోల్చుకున్నట్టు లేదు. “పేరు చెప్పు,” అన్నాడు. చెప్పాను. “మీ నాయన పేరు?” చెప్పాను. రెండోసారి కూడా చెప్పించుకున్నాడు. అప్పుడు హ్యాండిల్ వదిలి, అక్కడే నేల మీద కూర్చున్నాడు. ఆయన్ను బండి మీద ఇంటికి తీసుకుపోతుంటే నా వీపుకు ఆయన గుండె తగిలింది. లెక్క లేకుండా కొట్టుకుంటోంది. ఆ సాయంత్రమే కూర్చుని ఇంకో వాంగ్మూలం రాశాను. జరిగింది జబ్బు వల్లనని, నిర్లక్ష్యమన్న మాట నేను వెనక్కి తీసుకుంటున్నానని రాసి, డాక్టరమ్మ చీటీ నకలు కలిపి ఆఫీసులో ఇచ్చాను. విచారణలో పెడతామన్నారు. విచారణ జరగలేదు. ఆరో రోజు ఉదయం గంగన్న కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని మంచం మీదే పోయాడు. మరణించినందున విచారణ ముగించడమైనదని ఫైలు మీద ఒక వరస రాసి కట్టేశారు. నా రెండో కాగితం ఆ ఫైలులో చేరలేదు. మొదటిది అలాగే ఉంది. రెండోదాన్ని చేర్చమని ఇన్నేళ్ళలో నాలుగుసార్లు అర్జీ పెట్టాను. మొన్న ఆ మెట్లు ఎక్కింది కూడా అందుకే.

గంగన్న పెద్దదినం, అంటే పెద్దకర్మ రోజు వాళ్ళింటికి పోయాను. పోవడానికి కాళ్ళు రాలేదు, పోకుండా ఉండడానికి మొహం లేదు. భోజనాల వేళ లక్ష్మీదేవమ్మ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి బంధువుల ముందు నిలబెట్టింది. “ఈ అబ్బోడే ఓబులేసు,” అంది వాళ్ళతో. “మా ఆయన మీద ఎవురెవురో ఏమేమో రాసినా, ఈ అబ్బోడు మాత్రం ఉన్నదున్నట్లు రాసినాడు. చెయ్యి కాలిండినా గూడా, మా గంగన్న అలసిపోయినాడు, ఒళ్ళు బాగల్యాక జరిగింది గానీ బుద్ధి పూర్వకం కాదు అని రాసినాడంట. నాకు చదువు రాదు కదా. ఆఫీసు కాగితాలొచ్చిన రోజు ఆయనే ఆ కాగితం చేతిలో పెట్టుకోని నాకు చదివి ఇనిపించినాడు.”

అందరూ నా వైపు గౌరవంగా చూశారు. నేను ఎడమచేత్తో రాసిన ఆ వంకర అక్షరాలను గంగన్న చేతిలో పట్టుకుని, వాటిలో లేని మాటలు ఆమెకు చదివి వినిపించాడు. తెలిసి మార్చి చదివాడా? నన్ను కాపాడాలనుకున్నాడా, లేక ఆమెను కాపాడాలనుకున్నాడా? లేకపోతే అప్పటికే అలసిన ఆయన తలలో, మస్తానూ నేనూ ఒక్కరమైపోయినట్టే, నేను రాసిందీ ఆయన రాయమన్నదీ కలిసిపోయి, కాగితం మీద నిజంగా అదే కనబడిందా? తెలిసి మార్చి చదివి ఉంటే ఆయన నన్ను క్షమించాడు. నిజంగా అదే కనబడి ఉంటే, క్షమించడానికి నేనేదో చేశానన్న సంగతే ఆయనకు తెలియదు. ఏది నిజమో చెప్పగలిగిన మనిషి ఒక్కడే, ఆయన లేడు. లక్ష్మీదేవమ్మ నాకు ఆకు వేసి, తన చేత్తో వడ్డించి, “తినప్పా, ఆయనకు నువ్వంటే శానా నమ్మకం,” అంది. నేను తల వంచుకుని తిన్నాను. ఇప్పటికీ ఆమె కనిపించినప్పుడల్లా పక్కన ఎవరుంటే వాళ్ళకు ఆ మాట చెబుతుంది. అలా రాయలేదని నేను ఒక్కసారి కూడా చెప్పలేదు.